పిఱికివాని వేషము

మన నాటకసమాజములలో 'చిల్లర వేషము' అను మాట చిరకాలమునుండి వాడుకలో నున్నది. రాజు, రాణి, మంత్రి వేషములు. ద్వారపాలకుడు, భటుడు, బాటసారి, దొంగ, వీరందఱును గలసి చిల్లర. అంగడిలో దినవెచ్చము గడచుట చిల్లరతోనే యైనను, ఆ మాట పలుకునపుడు మన పెదవులపై కొంత తిరస్కారము మెదలకపోదు. చలనచిత్రములు వచ్చి యీ తిరస్కారమును తగ్గింపలేదు సరికదా పెంచినవి. నాయకుని పేరు గోడలమీద మనుష్యప్రమాణమును మించిన యక్షరములతో నుండును; చిన్న నటుల పేళ్లు చిత్రాంతమున తెరపై పాఱుచుండగా ప్రేక్షకులు చెప్పులు వెదకికొని ద్వారమువైపు నడచుచుందురు. మేమును అట్లు నడచినవారమే. ఈ వ్యాసమున మేము ప్రశంసింపబోవు నటుని ముఖమును అనేక చిత్రములలో గుర్తించియు, అతని పేరేమో తెలిసికొనవలెనని చాలకాలము మాకు తోపలేదు. ఆ యపరాధమునకు ప్రాయశ్చిత్తముగా నిది వ్రాయుచున్నా మనుకొన్నను తప్పులేదు.

అతని పేరు ఎలైషా కుక్ జూనియరు. అమెరికాదేశమున సాన్‌ఫ్రాన్సిస్కో నగరమందు 1903వ సంవత్సరము డిసెంబరు 26వ తేదీన జన్మించెను. చిన్నవయసుననే రంగస్థల మెక్కెను. 1933లో యూజీన్ ఓనీల్ రచించిన 'ఆ, వైల్డర్‌నెస్!' అను నాటకము న్యూయార్కులో తొలిసారి ప్రదర్శింపబడినపుడు, అందు ప్రధానుడైన రిచర్డు మిల్లరు అను యువకుని పాత్ర ఇతనికే దక్కెను. తండ్రి పాత్రను ధరించినవాడు ఆనాటి రంగస్థలమున మిక్కిలి ప్రసిద్ధుడగు జార్జి ఎం. కోహన్. అది చిల్లర వేషము కాదు. ఆ కీర్తితోనే యతడు హాలీవుడ్డు చేరెను. కాని తెర లెక్కలు వేఱు. పొట్టి విగ్రహము, సన్నని మెడ, మిడిగ్రుడ్ల వంటి పెద్ద కన్నులు, ముప్పది దాటినను బాల్యము వీడని ముఖము: ఇవి నాయకుని లక్షణములని అక్కడి వ్యాపారు లంగీకరింపరు. కావున అతనికి నేరకథాచిత్రములలో భయపడువాని వేషము నిచ్చిరి. పిమ్మట ఏబదియేండ్లకు దగ్గఱగా అతడు తెరపై భయపడుచు, మోసపోవుచు, కాల్పబడుచు, గొంతు నులుమబడుచు, విషము త్రాగుచు జీవించెను.

భయమను నీ భావమును గూర్చి మొదట కొంచెము చెప్పవలసియున్నది. మన యాలంకారికులు భయమును స్థాయిభావములలో చేర్చి, భయానకమును రసముగా గౌరవించిరి. సంతోషమే. కాని ఆ రసమునకు ఆశ్రయముగా నెవరిని నిర్ణయించిరి? వీరరసమునకు ఉత్తమప్రకృతిని, భయానకమునకు స్త్రీలను, నీచప్రకృతులను నిర్ణయించిరి. సాహిత్యదర్పణకారుడగు విశ్వనాథు డీ మాటను దాపఱికము లేకయే చెప్పినాడు. ఉత్సాహము గొప్పవాని సొత్తట, భయము ఆడుదాని సొత్తును అల్పుని సొత్తునట! పూర్వులయెడ మాకు గౌరవము లేకపోలేదు గాని ఈ పంపకము న్యాయమైనదని మే మొప్పుకొనజాలము. అప్పులవాడు గుమ్మమున నిలిచి పేరుపెట్టి పిలిచినపుడు మీసముగల గృహస్థుని గుండె యెట్లు కొట్టుకొనునో గృహస్థు లెఱుగుదురు. అర్ధరాత్రమున తంతివార్త వచ్చిన కాలమున ఉత్తమప్రకృతి యైనవాడు మాత్రము వణకకుండ దానిని విప్పెనా? భయము జాతిని బట్టియు, లింగమును బట్టియు, మనుష్యుని యెత్తును బట్టియు వచ్చునది కాదు. అది అందఱి యింటను గలదు, దాచుకొనుటలోనే భేదము. దాచుకొనలేనివానిని జూచి దాచుకొన్నవారు నవ్వుదురు. ఎలైషా కుక్ సాహిత్యదర్పణమును చదివియుండడనుట నిశ్చయమే యైనను, అతని నటనమంతయు మాకు ఆ పంపకమునకు ప్రత్యుత్తరముగా కనబడుచున్నది. పిఱికివానిని చూచి నవ్వుటకు సిద్ధముగా కూర్చున్న ప్రేక్షకుని నోటిలోని నవ్వును అతడు నోటిలోనే యార్పివేయును.

1940 ప్రాంతమున హాలీవుడ్డునందు ఒక జాతి చిత్రములు పుట్టినవి. చీకటిసందులు, వానలో తడిసిన వీథులు, గోడలమీద సాగిన నీడలు, దురాశ, వంచన, హత్య వాని సామగ్రి. 1946లో ఫ్రెంచి విమర్శకులు వీనికి 'ఫిల్మ్ నోయిర్', అనగా నల్లచిత్రము, అని నామకరణము చేసిరి. ఈ జాతికి ఆదిచిత్రమని పలువు రెన్నునది బోరిస్ ఇంగ్‌స్టర్ దర్శకత్వమున 1940లో వెలువడిన 'స్ట్రేంజర్ ఆన్ ది థర్డ్ ఫ్లోర్'. గంటకు కొంచెము మించినంతసేపు మాత్రమే నడచు చిన్న చిత్రమిది. ఇందు ఎలైషా కుక్ జో బ్రిగ్సు అను నిరుపేద యువకుడు. ఒక ఫలాహారశాల యజమాని శవమువద్ద ఇతడు నిలిచియుండగా జూచితినని యొక పత్రికావిలేఖరి సాక్ష్యము చెప్పును. న్యాయస్థానమున న్యాయాధిపతికి శ్రద్ధ లేదు; జ్యూరీలో నొకడు కునుకుచుండును. శిక్ష ఖాయము. తాను చంపలేదని బ్రిగ్సు కేకవేయును. ఈ కేక ఎట్టిదో వివరింపదగును. అది నాటకములలో నిరపరాధి సభనుద్దేశించి చేయు గంభీరోపన్యాసము కాదు. మాట తడబడును, గొంతు పిల్లవానివలె చీలును, చూచువారికి సిగ్గు కలుగునంతగా అతడు విలపించును. న్యాయము తప్పినదని మనకు తెలియుట విలేఖరి పశ్చాత్తాపమువలన గాదు, ఆ సిగ్గుమాలిన యేడ్పువలన. కథానాయికను ఆ కేక వెంటాడుననుట వింత కాదు, మమ్మును వెంటాడినది.

మఱుసటి యేడు, అనగా 1941లో, జాన్ హ్యూస్టన్ తన మొదటి చిత్రముగా డాషియెల్ హామెట్టు నవలను 'ది మాల్టీస్ ఫాల్కన్' అను పేర తీసెను. ఎలైషా కుక్‌ను చరిత్రలో నిలిపినది, నిలిపినంతమేర, ఈ చిత్రమే. రత్నఖచితమైన డేగబొమ్మకై వెదకు దొంగల గుంపునకు స్థూలకాయుడగు గట్‌మన్ నాయకుడు. వాని తుపాకిబంటు విల్మరు. ఈ విల్మరు ఇద్దఱిని చంపినవాడు. స్పృహదప్పి పడియున్న పరిశోధకుని తన్నినవాడు. జాలికి తగినవాడని యెవరు చెప్పుదురు? ఇదియే యిచ్చటి చిక్కు. ఒడలికంటె పెద్దదైన అంగరకాలో రెండు పిస్తోళ్లు మోయుచు, కఱకుమాటలు వల్లించుచు వీడు సామ్ స్పేడు అను పరిశోధకుని వెంట తిరుగును. స్పేడు వేషమును ధరించినవాడు హంఫ్రీ బోగార్టు. స్పేడు వానిని ఒక మగవానిగా గాని, శత్రువుగా గాని లెక్కింపడు. నడవలో వెనుకనుండి అంగరకాను మోచేతులదాక లాగి, చేతులు కట్టుపడిన క్షణమున పిస్తోళ్లను తీసికొని వాని యజమానుని కప్పగించి పరిహాసమాడును. నవ్వవలసిన చోటే, మొదటిసారి మేమును నవ్వితిమి. పిమ్మట మఱియొక ఘట్టమున స్పేడు ఎగతాళి చేయుచునే యుండగా, కెమెరా విల్మరు ముఖమునకు దగ్గఱగా పోవును. ఆ పెద్దకన్నులు నీటితో నిండియుండును. నోటినుండి వచ్చుచున్నవి బెదిరింపులు. కన్నులలోనిది అవమానింపబడిన బాలుని కన్నీరు. హంతకుడు ఏడ్చుచున్నాడు, నవ్వినవారము మనము.

చివర దొంగలందఱు కూడి, పోలీసుల కొకనిని అప్పగింపవలసివచ్చినపుడు, ఆ యొకడు విల్మరే యని నిర్ణయింతురు. కొడుకువంటివాడే యని ఒప్పుకొనుచునే, కొడుకునకు బదులు కొడుకు కలుగవచ్చును గాని డేగకు బదులు డేగ లేదని గట్‌మన్ లెక్కగట్టును. సోఫామీద స్పృహదెలిసి కన్నులు తెఱచిన విల్మరు తనపై వంగిన ముఖములను ఒక్కొక్కటిగా చూచును. ఒక మాట లేదు. ఎవరు తన్ను అమ్మిరో ఆ చూపునకు తెలిసిపోవును. మాకు తెలిసినంతలో, కూలికి తెచ్చుకొన్న మనుష్యుని పని తీఱగనే పాఱవేయు లోకరీతిని ఇంతకంటె తక్కువ కాలములో చూపిన చిత్రము వేఱొకటి లేదు.

అదే సంవత్సరము వచ్చిన 'ఐ వేక్ అప్ స్క్రీమింగ్'లో అతడు బసలో టెలిఫోను పలకయొద్ద కూర్చుండు గుమాస్తా. ఎవరును లక్ష్యపెట్టని యీ మనుష్యుడే హంతకుడని తుదకు తేలును. 1944లో రాబర్ట్ సియోడ్మాక్ దర్శకత్వము వహించిన 'ఫాంటమ్ లేడీ'లో నేలమాళిగలో మృదంగము వాయించు ఘట్టమును విమర్శకులు మిక్కిలి కొనియాడుదురు. ఎదుట నాయిక నిలిచి రెచ్చగొట్టుచుండగా, వాద్యగాని ముఖము చెమటతో, కామముతో వికృతమై పోవును. ఈ ప్రశంసలో మేము పూర్తిగా పాల్గొనలేము. అందు దర్శకుని దీపములకును, కెమెరా కోణములకును గల పాలు పెద్దది. నటుడు పూనకమువచ్చినవాని నభినయించినాడు, అంతే. అట్టిది అతనికంటె తక్కువవారును చేయగలరు. ఆ పిమ్మట తన గదిలో హంతకుని యెదుట నిలిచి, తన గొంతు నులుముటకు సిద్ధమగుచున్న చేతులను గూర్చిన ప్రసంగమును మొదట అర్థము చేసికొనక, పిదప చేసికొన్న నిమిషమే మాకు గొప్పదిగా తోచుచున్నది.

అతని నటనములో మేము శిరసా వహించునది హవర్డ్ హాక్సు తీసిన 'ది బిగ్ స్లీప్' (1946)లోని హ్యారీ జోన్సు. రేమండ్ చాండ్లరు 1939లో వెలువరించిన నవల దీనికి మూలము. కథ ఎంత చిక్కుపడినదనగా, చూచినవారిలో సగముమంది దానిని మఱల చెప్పలేరు. చెప్పవలసిన యావశ్యకతయు లేదు. జోన్సు ఈ చిత్రమున సుమారు రెండు ఘట్టములలో కనబడును. అతడొక చిన్నపాటి తంటాలమారి. తన ప్రియురాలగు ఆగ్నెసు ఊరు విడిచిపోవుటకు రెండువందల డాలర్లు కావలసి, తనకు తెలిసిన యొక రహస్యమును పరిశోధకుడగు మార్లోకు అమ్మజూపును. ఆ స్త్రీ నీకు తగినది కాదు, నీ పరిమాణమునకు మించినదని మార్లో తేలికగా ననును. అది నీచమైన మాట యని జోన్సు వెంటనే తిరిగి చెప్పును. కోపముతో గాదు, తన కోటును ఎవరో తొక్కినపుడు మర్యాదస్థుడు చెప్పినట్లు చెప్పును. నాయకుడగు మార్లో తప్పొప్పుకొనును! ఈ జాతి చిత్రములలో నాయకుడు చిల్లర మనుష్యుని యెదుట తప్పొప్పుకొనుట ఎంత యరుదో ఎఱిగినవారికి దీని విలువ తెలియును.

తరువాత కానినో యను కిరాతకుడు జోన్సును ఒక చీకటి కార్యాలయములో పట్టుకొనును. ఆగ్నెసు ఎక్కడ నున్నదో చెప్పవలెను. ప్రక్కగదిలో మార్లో గోడచాటున నిలిచి వినుచుండును, అతడేమియు చేయలేడు. జోన్సు వణకును. గొంతు సన్నగిలును. తుదకు చిరునామా చెప్పివేయును. పిఱికివాడు, ప్రాణముకొఱకు ప్రియురాలిని అమ్మినాడని మన మనుకొందుము. కానినో స్నేహముగా నొక పానపాత్ర నందించును. దానిలో నేమున్నదో జోన్సు గ్రహించెనో లేదో అతని ముఖము చెప్పదు. లేక, చెప్పుచునే యుండునేమో, మేము రెండుమూడుసారులు చూచియు నిశ్చయింపలేకపోతిమి. చిన్నగా నవ్వును. ఎదుటివాడు నవ్వెను గనుక తానును నవ్వవలెననుకొను బలహీనుని నవ్వది. పెద్దవారి కార్యాలయములలో చేతులు కట్టుకొని నిలిచినవారి ముఖములమీద మనము దినమును చూచు నవ్వే. త్రాగును. పడిపోవును. కానినో వెడలిన పిదప మార్లో ఆ చిరునామాను విచారించును. ఆగ్నెసు అక్కడ లేదు. జోన్సు చెప్పినది అబద్ధము.

ఒక్కసారి వెనుదిరిగి ఆ ఘట్టమంతయు తలచుకొనుడు. ఆ వణకు నిజమైనదే, భయము నిజమైనదే, ఆ భయముతోడనే అతడు అబద్ధమాడి ఆమెను కాపాడినాడు. ధైర్యవంతు డిదే పని చేసియుండినచో మనకు గొప్పగా తోచదు, అది యతని వృత్తి. నటుడు తన భయమును ఒక వీసమైనను తగ్గించి చూపియుండినచో, ఈ త్యాగము మామూలు సినిమాత్యాగమై పోయెడిది. విశ్వనాథుని పంపకములో ఈ హ్యారీ జోన్సు నెక్కడ పెట్టవలెను? ఉత్తమప్రకృతియా, నీచప్రకృతియా? ఆ రాత్రి ఆ కార్యాలయమున భయపడినవాడు పని చేసినాడు. భయపడని నాయకుడు గోడచాటున నిలిచినాడు. ఇక ఆగ్నెసు మాట. ఆమె మార్లోవద్దకు వచ్చి, తన యదృష్టమును తిట్టుకొని, రెండువందల డాలర్లును పుచ్చుకొని పోవును.

స్టాన్లీ క్యూబ్రిక్ ఇరువదియెనిమిదేండ్లు నిండకమునుపు తీసిన 'ది కిల్లింగ్' (1956)ను గూర్చి మాకు కొంత పేచీ కలదు. గుఱ్ఱపు పందెముల మైదానమున డబ్బు దోచుటకు కొందఱు సామాన్యులు కూడుదురు. వారిలో జార్జి పీటీ అక్కడనే డబ్బు లెక్కించు గుమాస్తా. లోపలినుండి తలుపు తెఱచుట అతని వంతు. అతని భార్య షెర్రీ భర్తకంటె పొడవైనది, వానిని మాటకు మాటకు గేలిచేయునది, పరపురుషాసక్త. భార్య మెప్పుకొఱకు జార్జి రహస్యమును కొంత వెల్లడించును. ఆమె ప్రియునకు చేరవేయును. అందఱి నాశనమును అట్లు సంభవించును. ఆడుదాని నోట ఆవగింజ నానదని మనవారును పరిహసింతురు. కాని ఇందు నోరుజాఱినది మగవాడు. నింద మాత్రము స్త్రీపైనే. ఇట్లు నాశమున కంతకును ఒక దుష్టస్త్రీని మూలముగా నిలుపుట ఈ నల్లచిత్రముల కందఱికిని గల పాతజబ్బు. షెర్రీ ఎందుకట్లైనదో తెలిసికొనుటకు కథకునికి తీఱిక లేదు. మేరీ విండ్సరు ఆ పాత్రను చురుకుగా నభినయించినను, ఈ లోపము లోపమే.

అయినను ఎలైషా కుక్ ఆ దాంపత్యమునకు కథకుడు పెట్టని నిజమును పెట్టినాడు. అతని జార్జి మూఢుడు కాడు. భార్య తన్ను ప్రేమింపదని అతనికి తెలియును. తెలిసియు ఆమె యొక మంచిమాట కొఱకు ముఖమువైపు చూచుచు, దెబ్బ తగులగనే చూపు దించుచు, మఱల చూచుచు నుండును. ఆ చూపులకై మాత్రమే ఆ ఘట్టములను చూడవచ్చును. తుపాకికాల్పులలో తక్కినవారందఱు కూలినపిదప, ముఖమంతయు గుండ్లదెబ్బలతో రక్తసిక్తమైన జార్జి యిల్లు చేరి, పెట్టెలు సర్దుకొనుచున్న భార్యను కాల్చి, చిలుకపంజరముతో గూడ నేలగూలును. హత్యను మేము సమర్థింపము. భార్యను కాల్చుట ఏ యవమానమునకును ప్రతిక్రియ కాదు. నటుడును సమర్థింపడు. ఆ ముఖమున పగ తీర్చుకొన్న తృప్తి లేదు. ఎందుకిట్లైనదని అడుగుటకు వచ్చి, అడుగుటకు మాట దొరకనివాని ముఖమది.

ఇట్టి నేరకథలను చూచుటవలన యువకులు చెడుదురని కొందఱు పెద్దలు వాదింతురు. ఆ వాదమును మేము తేలికగా త్రోసివేయము. పదిమంది కూలినను ఒకని మరణమైనను మనసున నిలువని చిత్రములు లెక్కకు మిక్కిలి కలవు, అవి చెఱుపే చేయును. ఎలైషా కుక్ చచ్చిన చావు మాత్రము అట్టిది కాదు. నేరచిత్రము కాకపోయినను 'షేన్' (1953) ఇచ్చట జ్ఞప్తికి వచ్చుచున్నది. దాని దర్శకుడగు జార్జి స్టీవెన్స్ రెండవ ప్రపంచయుద్ధమున సైనిక చిత్రగ్రాహకదళమును నడపి, డఖావు నిర్బంధశిబిరమును స్వయముగా చూచినవాడు. అతని చిత్రమున టోరీ యను పొగరుబోతు పేదరైతును కూలితుపాకిగాడు వీథిలో కాల్చును. టోరీ మన యెలైషాయే. గుండు తగులగనే అతడు గుండెపై చేయిపెట్టుకొని మాటలాడడు. ఒడలికి కట్టిన తాడుతో వెనుకకు లాగబడి, బురదలో సంచివలె పడును. అంతే. తరువాత వచ్చినది బురదయు, నిశ్శబ్దమును. ఆ చావు చూచిన బాలుడు పిస్తోలు కొఱకు ఉవ్విళ్లూరునని మేము నమ్మము.

తరువాతి కాలమును గూర్చి విస్తరింప బనిలేదు. 1959లో వచ్చిన 'హౌస్ ఆన్ హాంటెడ్ హిల్'లో దయ్యములకు జడియు త్రాగుబోతుగా అతడు తన పాతభయమునకే అనుకరణము చేసికొన్నాడు. కడుపు కొఱకు చేసిన పని, తప్పుపట్టము. 1967లో 'స్టార్ ట్రెక్' అను టెలివిజన్ కథావళిలో యంత్రముల నొల్లక అచ్చుపుస్తకములనే నమ్ము వృద్ధన్యాయవాదిగా నటించి, తనకు భయపడని పాత్రయు చేతనగునని చూపెను. 1968లో 'రోజ్‌మేరీస్ బేబీ'లో యువదంపతులకు ఆ పాడుయింటిని చూపువాడతడే. 1982లో విమ్ వెండర్సు 'హామెట్టు' అను చిత్రమును, అనగా విల్మరును సృష్టించిన రచయితనే నాయకునిగా జేసి తీసినపుడు, అందు టాక్సీ నడపువాని చిన్న వేష మితనికిచ్చిరి. అమెరికా చిత్రపరిషత్తువారి బహుమానమునకు అతని పేరును ఒక్కసారియైనను ప్రతిపాదించినవారు లేరు.

1995వ సంవత్సరము మే నెలలో, తొంబదియొకటవ యేట, కాలిఫోర్నియాలోని బిగ్‌పైన్ అను గ్రామమున అతడు మరణించెను. అది సియెర్రా నెవాడా పర్వతముల యడుగుననున్న ప్రదేశము. ఆ నటుని వాడుకను గూర్చి జాన్ హ్యూస్టన్ తన స్వీయచరిత్రలో చెప్పినాడు. ఎలైషా ఆ కొండలలో ఒంటరిగా నివసించుచు, గాలములు కట్టుకొని, వాగులలో బంగారువన్నె ట్రౌటు చేపలను పట్టుకొనుచు నుండెడివాడట. హాలీవుడ్డులో పని పడినపుడు మనిషినిచ్చి కబురంపవలసి వచ్చెడిదట. అతడు దిగివచ్చి, ఒక చిత్రమున చంపించుకొని, మఱల కొండ యెక్కెడివాడు.